సరిహద్దు గాంధీ, మన పార్లమెంటు, పొరుగు జైళ్లు

మన పార్లమెంటు సెంట్రల్ హాలులో పరదేశపు అధ్యక్షులు, ప్రధానమంత్రులు వచ్చి ఉపన్యసించి పోవడం మామూలే. కాని 1969 నవంబరు 24వ తేదీన అక్కడ ఉభయసభల సభ్యుల ఎదుట నిలబడినాయనకు పదవీ లేదు, హోదా లేదు. సుమారు 80 ఏళ్ల వృద్ధుడు. స్వదేశంలో ఉంటే జైలు తప్పదని అఫ్గానిస్తాన్‌లో తలదాచుకుంటున్న పఠాను. ఆయనే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ సాహెబ్. సరిహద్దు గాంధీ అని మనమూ, బాద్‌షా ఖాన్ అని ఆయన ప్రజలూ పిలుచుకున్న పెద్దమనిషి. పొరుగుదేశపు రాజకీయ ఖైదీ ఒకరికి మన పార్లమెంటు అంతటి గౌరవం ఇవ్వడం అరుదు. ఆ గౌరవం అందుకున్న మనిషి ఆ సభలోనే నిలబడి మన తప్పులు మనకు చెప్పడం అంతకన్నా అరుదు.

ఈ సంగతి మన సంఘం కుటుంబాల్లో పెద్దవాళ్లకు తెలిసినదే. పిల్లలకు మాత్రం బాద్‌షా ఖాన్ అంటే పాఠ్యపుస్తకంలో ఒక ఫోటో, దాని కింద ఒక పేరు, అంతే. అందుకని మొదటినుంచీ చెప్పుకుందాం.

బాద్‌షా ఖాన్ 1890లో పెషావరు దగ్గరి ఉత్మాన్‌జయీ గ్రామంలో పుట్టారు. పఠానుల్లో తరతరాల పగలు, తుపాకీ పట్టనివాడు మగవాడు కాడన్న పట్టుదల మనం విన్నవే. అలాంటి జనంలో ఆయన 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళం నెలకొల్పారు. అంటే దైవసేవకులు. ఎర్ర చొక్కాలు తొడుక్కున్నారు గాని చేతిలో ఆయుధం పట్టలేదు. దౌర్జన్యానికి బదులు దౌర్జన్యం చేయమని, పగ తీర్చుకోమని ప్రమాణం చేసి చేరేవారు. ఇదేదో గాంధీగారి దగ్గర అరువు తెచ్చుకున్నదని కొందరనేవారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. మక్కాలో మన ప్రవక్త (స) పట్టిన ఆయుధం సబర్, అది కొత్తది కాదు, మనం మరిచిపోయామంతే అనేవారు. 1930 ఏప్రిల్ 23న పెషావరు కిస్సాఖానీ బజారులో నిరాయుధుల మీద తుపాకులు పేలినప్పుడు ఆ జనం గుండ్లకు ఎదురు నిలిచారే గాని చెయ్యెత్తలేదు. వారి మీద కాల్చం అని గఢ్వాలీ సిపాయిలు ఎదురు తిరిగి కోర్టు మార్షల్ పాలయ్యారు. కాల్చనన్న సిపాయిలు హిందువులు, ఎదుట నిలబడినవారు ముస్లిములు. ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పినా చాలు.

1947 వచ్చింది. దేశ విభజనను కాంగ్రెసు ఒప్పుకున్నప్పుడు కార్యవర్గంలో బలంగా అడ్డం చెప్పినవాళ్లలో బాద్‌షా ఖాన్ ఒకరు. మమ్మల్ని తోడేళ్లకు వదిలేశారు అని ఆయన గాంధీగారితో అన్న మాట చరిత్రలో నిలిచిపోయింది. ఆ జులైలో సరిహద్దు రాష్ట్రంలో జరిగిన రిఫరెండంను ఆయన అనుచరులు బహిష్కరించారు. ఆగస్టు 22న, స్వాతంత్ర్యం వచ్చి వారం తిరిగీ తిరక్కముందే, ఆయన అన్నగారు డాక్టర్ ఖాన్ సాహెబ్ మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేశారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆయన పాకిస్తాన్ ద్రోహి అని అక్కడి పాలకులు ప్రచారం చేశారు గదా, నిజానికి 1948 ఫిబ్రవరిలో కరాచీ వెళ్లి పాకిస్తాన్ రాజ్యాంగసభలో సభ్యుడిగా ప్రమాణం చేసినవారు ఆయన. దేశం ఏర్పడింది, ఇక ఇదే మా దేశం, మా పఠానులకు మా హక్కులివ్వండి, మా ప్రాంతానికి మా పేరివ్వండి అన్నారు. అడిగింది ఇంతే. ఆ ఏడాది జూన్‌లో పట్టుకున్నారు. మూడేళ్ల కఠిన శిక్ష వేశారు. మూడేళ్లయ్యాక విడిచిపెట్టారా అంటే లేదు, గడువు పొడిగిస్తూ 1954 జనవరి దాకా లోపలే ఉంచారు. ఆయన జైల్లో ఉండగానే 1948 ఆగస్టు 12న చార్‌సద్దా దగ్గర బాబ్డాలో ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చచ్చినవారు కొద్దిమంది, ఉద్యమకారుల లెక్కలో వందలు. దళాన్ని నిషేధించేశారు. బ్రిటిషువాళ్లు 17 ఏళ్లలో చేయలేని పనిని మనవాళ్లు ఒక ఏడాదిలో చేశారని పఠానులు వాపోయారు.

తరువాత పశ్చిమ పాకిస్తాన్ రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒకటే యూనిట్ చేశారు. బాద్‌షా ఖాన్ దానిని వ్యతిరేకించారు, 1956లో మళ్లీ అరెస్టయ్యారు. అప్పుడు ఆ పశ్చిమ పాకిస్తాన్‌కు ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? స్వయాన ఆయన అన్నగారు డాక్టర్ ఖాన్ సాహెబే. అన్న గద్దె మీద, తమ్ముడు కటకటాల వెనుక. కథలో రాస్తే ఎవరూ నమ్మరు. 1958లో అన్నగారు లాహోరులో హంతకుడి కత్తికి బలయ్యారు. అదే ఏడాది అయూబ్ ఖాన్ సైనిక పాలన వచ్చింది. తమ్ముడికి జైలు, విడుదల, మళ్లీ జైలు. 1964 జనవరిలో, ఇక ఈ మనిషి బతకడు అన్నంత జబ్బు చేశాకే వదిలారు. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ ఆ సంవత్సరపు ఖైదీగా ఆయన పేరు ప్రకటించింది. లోకంలో మనస్సాక్షి కోసం జైళ్లలో మగ్గేవాళ్లందరికీ ఆయన ఆనవాలు అయ్యారన్నమాట.

ఇన్నేళ్లూ మన పార్లమెంటు ఏం చేసింది అని అడగడం న్యాయమే. స్వాతంత్ర్య పోరాటంలో తమతో జైళ్లు పంచుకున్న మనిషి ఆయన. ఆ రోజుల్లో మన సభల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది ఆయనను ఎరిగినవాళ్లే. బాధ లేదంటే అబద్ధం. కాని ప్రభుత్వానికి ఒక చిక్కు ఉండేది. ఢిల్లీలో ఎవరు ఆయన పేరు ఎత్తినా, కరాచీలో దానినే సాక్ష్యంగా చూపేవారు, చూడండి, ఈయన హిందుస్తాన్ మనిషి అని. మన సానుభూతి ఆయన శిక్షకు ఇంకో ఏడాది కలిపేది. పరాయి దేశపు ఆంతరంగిక విషయం అనే సూత్రం ఒకటి ఎలాగూ ఉంది. 1954లో చైనాతో కుదిరిన పంచశీలలో దాన్ని మనమే రాసి పెట్టుకున్నాం. అందుచేత మాట పెదవి దాకా వచ్చి ఆగేది. మా మటుకు మేము, ఈ మౌనంలో వివేకం కొంత, మొహమాటం కొంత, మన కాంగ్రెసు పెద్దల అపరాధభావం కొంత ఉన్నాయనుకుంటాం. తోడేళ్ల మాట వాళ్లూ మరిచిపోలేదు.

నేపాల్ విషయంలో మాత్రం నెహ్రూగారు అంత నోరు కట్టుకోలేదు. 1960 డిసెంబరు 15న రాజు మహేంద్ర ఎన్నికైన మంత్రివర్గాన్ని తీసేసి ప్రధాని బి.పి. కొయిరాలాను పట్టి బంధించినప్పుడు, ఇది ప్రజాస్వామ్యానికి తగిలిన దెబ్బ అని పార్లమెంటులోనే విచారం వెలిబుచ్చారు. అయినా కొయిరాలా 1968 దాకా జైల్లోనే ఉన్నారు. విచారం వెలిబుచ్చడం వేరు, తాళం తెరిపించడం వేరు.

సరే, 1969కి వద్దాం. గాంధీగారి శతజయంతికి బాద్‌షా ఖాన్‌ను పిలిచారు. నెహ్రూ పేరిట అంతర్జాతీయ అవగాహన బహుమతి కూడా ఆయనకు ప్రకటించి ఉన్నారు. 22 ఏళ్ల తరువాత ఆ మనిషి ఢిల్లీ విమానాశ్రయంలో దిగితే, ప్రధాని ఇందిరాగాంధీ, జయప్రకాశ్ నారాయణ్ ఎదురు వెళ్లారు. చంకలో బట్టల మూట ఒక్కటే ఉంది. నేను పట్టుకుంటాను ఇవ్వండని ఇందిరాగాంధీ చెయ్యి చాస్తే ఇవ్వలేదు. నాకు మిగిలింది ఇదొక్కటే, ఇది కూడా తీసుకుంటారా అన్నారట. సరదాకే అన్నా, వినేవాళ్లకు నవ్వు రాలేదు.

ఆయన వచ్చే రోజులకే అహమ్మదాబాదు తగలబడి ఉంది. ఆ సెప్టెంబరు నెలలో అక్కడ జరిగిన మతకలహాల్లో వందల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన ముస్లిములు. ఇళ్లు, దుకాణాలు, దర్గాలు, మసీదులు బూడిదయ్యాయి. ఆ కలహాల మీద విచారణ జరిపిన సంఘానికి అధ్యక్షత వహించినవారు మన హైదరాబాదు వాసి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి గారు. అది గాంధీగారి ఊరు, అది ఆయన శతజయంతి సంవత్సరం. బాద్‌షా ఖాన్ అతిథి మర్యాదలు పక్కన పెట్టి మూడు రోజులు నిరాహారదీక్ష పట్టారు. తరువాత అహమ్మదాబాదు స్వయంగా వెళ్లి కాలిన వాడలు చూశారు, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చున్నారు.

ఆ తరువాత జరిగింది సెంట్రల్ హాలు సభ. బహుమతులిచ్చినవారిని పొగిడి పోవడమే అతిథికి అలవాటు. ఈయన అలా చేయలేదు. బుద్ధుణ్ణి ఎలా మరిచిపోయారో గాంధీజీని కూడా అలాగే మరిచిపోతున్నారు అని ముఖం మీదే అన్నారు. దేశంలో తాను చూసింది దాచకుండా చెప్పారు. పత్రికల్లో కొందరికి కోపం వచ్చింది, అతిథిగా వచ్చి ఇవేం మాటలని. కాని ఆలోచించండి. పాకిస్తాన్ జైలులో ఏళ్ల తరబడి గడిపి వచ్చిన మనిషి ఆ దేశాన్ని తిట్టి మన దగ్గర చప్పట్లు కొట్టించుకోవడం ఎంత సులువు! అది చేయకుండా, ఎవరి ఇంట నిలబడితే ఆ ఇంటివారి తప్పు వారికి చెప్పారు. పెషావరులో పఠానుల మాట, అహమ్మదాబాదులో ముస్లిముల మాట. రెండూ ఆయనకు ఒకటే మాట.

రెండేళ్లు తిరక్కముందే మన పార్లమెంటుకు పరీక్ష వచ్చింది. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో 169 స్థానాలకు 167 గెలిచిన షేక్ ముజిబుర్ రహమాన్‌కు అధికారం ఇవ్వకుండా, 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యాన్ని వదిలారు. ఆయన్ను పట్టి పశ్చిమ పాకిస్తాన్ తీసుకుపోయారు. మార్చి 31న ప్రధాని ప్రవేశపెట్టిన తీర్మానాన్ని మన ఉభయసభలు ఏకగ్రీవంగా ఆమోదించాయి. తీవ్రమైన ఆవేదన, ఆందోళన వెలిబుచ్చుతూ, అక్కడ జరుగుతున్నది జాతి సంహారమేనని, ఏడున్నర కోట్ల ప్రజల పోరాటం గెలుస్తుందని అందులో అన్నారు. ఆంతరంగిక విషయం అన్న పాత తెర ఆ రోజు తొలగింది. కోటి మంది దాకా శరణార్థులు మన గడ్డ మీదికి వచ్చాక అది ఎవరి ఆంతరంగికం? ఆగస్టులో ముజిబ్‌కు రహస్య సైనిక విచారణ మొదలైనప్పుడు, ఉరి తీస్తారేమోనని ఇందిరాగాంధీ లోకంలోని ప్రభుత్వాధినేతలకు కబురు పంపారు. యుద్ధమయ్యాక 1972 జనవరి 8న విడుదలై, లండను మీదుగా 10వ తేదీ ఢిల్లీలో దిగిన ముజిబ్‌ను ఎదురేగి ఆహ్వానించినవారు రాష్ట్రపతి వి.వి. గిరి, మన తెలుగు పెద్దాయన.

ఒక సంగతి దాచడమెందుకు? ఆ ఏడాది మన ముస్లిముల్లో కొందరికి ఆ వార్తలు నమ్మబుద్ధి కాలేదు. సాటి ముస్లిం సైన్యం ముస్లిముల ఊళ్లు ఎందుకు తగలబెడుతుంది, ఇదంతా ప్రచారమే అన్నవాళ్లున్నారు. ఇంకొందరికి వేరే దిగులు. పాకిస్తాన్ గురించి నోరు విప్పితే ఒకరికి కోపం, విప్పకపోతే ఇంకొకరికి అనుమానం, మనకెందుకు వచ్చిన గొడవ అని. ఈ రెండో దిగులు ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది, లేదనకండి. పరాయి దేశంలో ఏం జరిగినా మన పక్కింటాయన మనల్నే సంజాయిషీ అడుగుతాడు. కాని దానికి విరుగుడు మౌనం అని మేము అనుకోము. జాలిమ్ కలిమా చదివినవాడైనా జాలిమే. ఖైదీకి అన్నం పెట్టడాన్ని ఖురాన్ షరీఫ్ పుణ్యాత్ముల లక్షణంగా చెప్పింది. ఆ ఖైదీ ఏ మతంవాడని అడిగి పెట్టమనలేదు. హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం తప్పు చేయకుండా ఏళ్లకేళ్లు జైల్లో ఉన్న కథ మన ఆడవాళ్లు పిల్లలకు చెబుతూనే ఉంటారు గదా.

బాద్‌షా ఖాన్ 1972 చివర్లో స్వదేశం చేరారు. అప్పుడు పాలన సైన్యానిది కాదు, ఎన్నికల్లో గెలిచి వచ్చిన భుట్టోది. అయినా 1973లో ఆయన్ను పట్టుకున్నారు. 1975లో ఆయన కుమారుడు వలీ ఖాన్ పార్టీని నిషేధించి, వలీ ఖాన్‌తో సహా చాలామందిని హైదరాబాదు కుట్ర కేసులో ఇరికించారు. మన హైదరాబాదు కాదండీ, సింధు హైదరాబాదు.

అదే 1975లో, అదీ జూన్ 25న, మన దేశంలోనే ఎమర్జెన్సీ వచ్చి పడింది. ముజిబ్ ప్రాణం కోసం లోకమంతా ఉత్తరాలు రాసిన ప్రభుత్వమే లక్షకు పైగా మనుషుల్ని విచారణ లేకుండా లోపల వేసింది. విమానాశ్రయంలో బాద్‌షా ఖాన్‌కు స్వాగతం చెప్పిన ఇద్దరిలో ఒకరు రెండోవారిని జైలుకు పంపారు! పార్లమెంటు సభ్యులనే పట్టుకుపోతుంటే పార్లమెంటు పొరుగు ఖైదీల గురించి ఏం మాట్లాడుతుంది? విదేశాల వాళ్లు అడిగితే ఇది మా ఆంతరంగిక విషయం అని మనమే అన్నాం. జమాఅతె ఇస్లామీ వాళ్లనూ, ఆర్.ఎస్.ఎస్. వాళ్లనూ ఒకే జైళ్లలో పెట్టారు. ఒకే కుండలో నీళ్లు తాగి స్నేహితులై బయటికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఆ 21 నెలల్లో జరిగిన ఒక్క మంచి అదేనేమో.

భుట్టో కథ ఇంకా విచిత్రం. ఇతరులను జైళ్లలో పెట్టినాయన్ని 1977లో జనరల్ జియా జైల్లో పెట్టాడు. జియా వలీ ఖాన్‌ను వదిలేశాడు, భుట్టోకు మాత్రం ఉరితాడు పేనాడు. సుప్రీంకోర్టులో నలుగురు ఉరి అన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఎన్నో దేశాల అధినేతలు ప్రాణభిక్ష పెట్టమని అడిగారు. మన ప్రధాని మొరార్జీ దేశాయి మాత్రం అది వాళ్ల ఆంతరంగిక విషయమని అడగలేదు. ఎమర్జెన్సీ జైలులో 19 నెలలు గడిపినాయన నోట ఆ మాట వినడం మాకు ఇప్పటికీ మింగుడు పడదు. 1979 ఏప్రిల్ 4న రావల్పిండిలో ఉరి తీసేశారు. ఆ విచారణ న్యాయంగా జరగలేదని పాకిస్తాన్ సుప్రీంకోర్టే 2024 మార్చిలో అభిప్రాయం చెప్పింది. 45 ఏళ్లకు దొరికిన ఇన్సాఫ్ అది.

1983లో రెండు వైపుల నుంచి ఒకేసారి వార్తలు వచ్చాయి. జులైలో శ్రీలంకలో తమిళుల మీద మారణకాండ జరిగింది. కొలంబో వెలికడ జైల్లో, ప్రభుత్వ రక్షణలో ఉండవలసిన తమిళ ఖైదీలు 53 మందిని రెండు రోజుల దాడుల్లో చంపేశారు. పార్లమెంటు అట్టుడికింది. విదేశాంగమంత్రి పి.వి. నరసింహారావు గారు, అప్పుడు మన హనుమకొండ లోక్‌సభ సభ్యులు, హుటాహుటిన కొలంబో వెళ్లారు. ఆగస్టులో పాకిస్తాన్ సింధులో ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమం లేచింది, జియా సైన్యంతో అణిచాడు, జైళ్లు నిండాయి. మన నాయకులు ఉద్యమానికి సానుభూతి తెలిపారు. ఇంకేముంది, జియాకు కావలసింది అదే. చూశారా, వీళ్ల వెనుక హిందుస్తాన్ ఉందని పంజాబులో ప్రచారం చేసుకున్నాడు. 1950ల నాటి భయం 30 ఏళ్ల తరువాత నిజమయింది. ఢిల్లీలో అన్న మాటకు సింధు రైతు కొడుకు మూల్యం చెల్లించాడు.

అయితే మాట్లాడకూడదా? 1971లో మాట్లాడడం మంచిదే అయింది. 1983లో మాట బెడిసికొట్టింది. 1979లో మౌనం సిగ్గుగా మిగిలింది. మేము చూసినంతలో తేడా ఎక్కడుందంటే, ఆ ఖైదీ మీద నిజమైన కనికరంతో అన్న మాటకూ, వాడి ప్రభువును చిన్నబుచ్చడానికి అన్న మాటకూ మధ్యనే. రెండోదాన్ని అక్కడి పాలకుడు ఇట్టే పసిగడతాడు, అక్కడి ప్రజలు కూడా పసిగడతారు. బాద్‌షా ఖాన్ మాటను మాత్రం ఇటూ అటూ ఎవరూ అలా తోసిపుచ్చలేకపోయారు. అహమ్మదాబాదు గురించి ఢిల్లీలో మాట్లాడిన నోరు గనుక.

ఆయన ఆ తరువాత కూడా వైద్యం కోసం మన దేశం వస్తూ ఉండేవారు. 1985 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెసు శతవార్షికోత్సవాలకు కూడా వచ్చారు. 1987లో భారతరత్న ఇచ్చారు. భారత పౌరుడు కాని మనిషికి ఆ బిరుదు ఇవ్వడం అదే మొదలు. 1988 జనవరి 20న పెషావరు లేడీ రీడింగ్ ఆస్పత్రిలో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ప్రధాని రాజీవ్ గాంధీ స్వయంగా పెషావరు వెళ్లి ఆఖరి దర్శనం చేసుకున్నారు. తనను జలాలాబాదులో, తాను ప్రవాసంలో ఉన్న ఇంటి ఆవరణలోనే పాతిపెట్టమని ఆయన కోరుకున్నారు. అఫ్గానిస్తాన్‌లో అప్పుడు రష్యా సేనలు, ముజాహిదీన్ల నడుమ యుద్ధం నడుస్తోంది. జనాజా వెళ్లడానికి తుపాకులు కొద్దిగా ఆగాయి. వేలకొద్దీ పఠానులు ఖైబర్ కనుమ దాటి వెంట నడిచారు. జలాలాబాదులో ఖననం జరిగే చోటికి దగ్గరలోనే బాంబులు పేలి కొందరు చనిపోయారు. అయినా జనం చెదరలేదు, మట్టి పూర్తయ్యేదాకా నిలబడ్డారు.